సూదికి దారేది?

మనవాళ్ళ మాటల్లో మత్తు రెండు రకాలు. మనిషిని పూర్తిగా నిద్రపుచ్చేది ఫుల్ మత్తు. నడుం కింది భాగాన్నో, ఒక చేతినో, ఒక కాలినో మాత్రమే మొద్దుబార్చేది సగం మత్తు. ఈ రెండోదాన్ని వైద్యులు రీజనల్ అనస్థీషియా అంటారు. వెన్నులోకి ఇచ్చే స్పైనల్, ఎపిడ్యూరల్ ఇంజెక్షన్లు, మెడ పక్కనో చంకలోనో నరాల గుత్తి చుట్టూ మందు వేసే నెర్వ్ బ్లాకులు అన్నీ ఈ కోవలోవే. పెద్దాపరేషన్‌తో కాన్పు జరిగిన ఇళ్ళలో దీని గురించి ఏదో ఒక కథ ఉంటుంది. “వెన్నులో సూది వేశారు, అప్పట్నుంచీ నడుం నొప్పే” అన్న మాట వినని తెలుగువాళ్ళు అరుదు.

బాగా లావుగా ఉన్న మనిషికి ఆపరేషన్ అంటే మత్తు డాక్టరుకి ముందు గుర్తొచ్చేది ఈ సగం మత్తే. దానికి కారణం ఊపిరి. వెల్లకిలా పడుకోబెట్టగానే పొట్ట బరువు విభాజకపటలాన్ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు తెరని, పైకి నెడుతుంది. ఊపిరితిత్తుల్లో నిలవ ఉండే గాలి తగ్గిపోతుంది. మందులతో శ్వాస ఆపి గొంతులోకి గొట్టం వేసేలోపు ఆ నిలవ త్వరగా ఖర్చయిపోతుంది. సన్నటివాళ్ళ విషయంలో డాక్టరుకి దొరికే నిమిషాలు ఇక్కడ దొరకవు. మెడ చుట్టూ కొవ్వు ఉంటే మాస్కుతో గాలి పంపడమూ కష్టమే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు కూడా వీళ్ళలో ఎక్కువ కాబట్టి ఆపరేషన్ అయ్యాక మార్ఫిన్ లాంటివి ఇవ్వాలన్నా భయమే. మనిషి మెలకువగా, తన ఊపిరి తాను పీలుస్తూ ఉంటే ఈ చిక్కుల్లో చాలా భాగం రాదు.

తీరా సూది పట్టుకునేసరికి ఆ శరీరంలోనే దారి దొరకదు. ఎవరికి సగం మత్తు అందరికన్నా ఎక్కువ అవసరమో, వాళ్ళకే అది ఇవ్వడం అందరికన్నా కష్టం. ఈ వైరుధ్యాన్ని చాలాకాలం రోగి ఒంటి తప్పుగా చూశారు. ఈ విద్య పుట్టిన తీరు చూస్తే అందులో పద్ధతి వాటా కూడా తక్కువేం కాదని తెలుస్తుంది.

వియన్నాలో ఒక చుక్క

1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో విలియమ్ మోర్టన్ అందరి ముందూ ఈథర్‌తో మత్తు ఇచ్చి చూపించాడు. మరుసటి ఏడాది క్లోరోఫామ్ వచ్చింది. కత్తి బాధ పోయింది కానీ మత్తులోనే ప్రాణాలు పోవడం మొదలైంది. ఆ మరణాలకి కారణం గుండె ఆగడమా, ఊపిరి ఆగడమా అన్న తగువు పెద్దదై మన హైదరాబాదు దాకా వచ్చింది. అక్కడ రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ నిజాం డబ్బుతో 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫామ్ కమిషన్లు నడిపించాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, చూసుకోవలసింది నాడిని కాదు ఊపిరిని అని తేల్చాడు. క్లోరోఫామ్ గుండెనీ దెబ్బ తీస్తుందని తరవాతి పరిశోధనల్లో రుజువైంది. అయితే మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్న పాఠం మాత్రం పాతబడలేదు.

ఊపిరి జోలికే పోకుండా నొప్పిని ఆపే దారి అంతకు నాలుగేళ్ళ ముందే వియన్నాలో తెరుచుకుంది. 1884 వేసవిలో సిగ్మండ్ ఫ్రాయిడ్ కోకా ఆకు సారం మీద ఒక వ్యాసం రాశాడు. అది నాలుకని మొద్దుబారుస్తుందని గమనించాడు కానీ ఆ దారిన ముందుకు పోలేదు, కాబోయే భార్యని చూడటానికి ఊరెళ్ళిపోయాడు. అతని స్నేహితుడు, ఇరవయ్యారేళ్ళ కార్ల్ కోలర్ కంటి వైద్యుడు కావాలనుకుంటున్నవాడు. కొకెయిన్ ద్రావణాన్ని కప్ప కంట్లో, కుందేలు కంట్లో, చివరికి తన కంట్లోనే చుక్క వేసుకుని గుండుసూదితో తాకి చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. 1884 సెప్టెంబర్ 15న హైడల్‌బర్గ్‌లో కంటి వైద్యుల సభలో ఆ సంగతి ప్రకటించారు. అక్కడిదాకా వెళ్ళడానికి ఖర్చులకి లేక కోలర్ వెళ్ళలేదు, అతని పత్రాన్ని వేరే వైద్యుడు చదివాడు. ఈ వియన్నా, హైడల్‌బర్గ్ పేర్లు కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

కంటికి చుక్క చాలు. లోపల ఉన్న నరానికి మందు చేరాలంటే సూది కావాలి. బోలు సూది, సిరంజీ అప్పటికి వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. న్యూయార్క్‌లో విలియమ్ హాల్‌స్టెడ్, అతని సహచరులు నెలల వ్యవధిలోనే నరాలకి కొకెయిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. చేతికి వెళ్ళే నరాల గుత్తిని మెడ దగ్గర కోసి, బయటపెట్టి, కళ్ళతో చూస్తూ హాల్‌స్టెడ్ మందు వేశాడు. ఒకరి మీద ఒకరు ప్రయోగాలు చేసుకునే క్రమంలో అతనూ, సహచరుల్లో కొందరూ కొకెయిన్‌కి బానిసలయ్యారు. తరవాత జాన్స్ హాప్‌కిన్స్‌లో అమెరికా శస్త్రచికిత్సకే పెద్ద దిక్కైన హాల్‌స్టెడ్ జీవితాంతం మత్తుమందుల నుంచి పూర్తిగా బయటపడలేకపోయాడు.

వేళ్ళే కళ్ళు

నరాన్ని చూడటానికి కోత కోయాలంటే, ఆ కోతకే మళ్ళీ మత్తు కావాలి. కాబట్టి చూడకుండానే లోపలికి చేరే ఉపాయం వెతికారు. 1891లో జర్మనీలోని కీల్ నగరంలో హైన్రిక్ క్వింకె వెన్నుపూసల మధ్య నుంచి సూది దించి మెదడు-వెన్ను ద్రవాన్ని తీసే పద్ధతి చూపించాడు. అదే ఊళ్ళో 1898 ఆగస్టు 16న ఆగస్ట్ బియర్ అనే సర్జన్ ఒక కూలీకి ఆ దారినే కొకెయిన్ ఎక్కించి, క్షయ పట్టిన చీలమండకి ఆపరేషన్ చేశాడు. ఆ కూలీకి కత్తి నొప్పి తెలియలేదు. తరవాత తలనొప్పీ వాంతులూ పట్టుకున్నాయి.

ఆ తలనొప్పి సంగతేమిటో తన ఒంటి మీదే చూసుకుందామనుకున్నాడు బియర్. ఆగస్టు 24న సహాయకుడు హిల్డెబ్రాంట్ అతని వెన్నులో సూది గుచ్చాడు. తీరా సిరంజీ ఆ సూదికి సరిగ్గా అమరక, వెన్ను ద్రవం చాలా కారిపోయింది, మందు మాత్రం ఎక్కలేదు. దాంతో హిల్డెబ్రాంట్ తన వీపు ఇచ్చాడు. ఈసారి మందు ఎక్కింది. కాళ్ళు మొద్దుబారాక బియర్ అతన్ని గిల్లాడు, సిగారుతో కాల్చాడు, మోకాటి కింద ఎముక మీద ఇనప సుత్తితో కొట్టాడు. నొప్పి లేదు. పని అయ్యాక ఇద్దరూ కలిసి భోంచేసి, వైన్ తాగి, సిగార్లు కాల్చారు. ఆ తరవాత బియర్ రోజుల తరబడి తలనొప్పితో మంచం దిగలేదు. ద్రవం కారిపోవడం వల్లే తలనొప్పి వస్తోందన్న అనుమానానికి ఇక్కడే బీజం పడింది. నేటి స్పైనల్ సూదులు అంత సన్నగా ఉండటానికి ఇదే కారణం.

వెన్నులో ఎక్కడ గుచ్చాలి? దానికి పారిస్ సర్జన్ తియొడోర్ తుఫియే పేరు మీద ఒక గీత మిగిలింది. మొలకి రెండు వైపులా చేతికి తగిలే ఎముక అంచుల్ని కలుపుతూ ఒక గీత ఊహించుకుంటే, అది నాలుగో నడుం పూస దగ్గరగా వెన్నుని దాటుతుంది. వెన్నుపాము దానికి చాలా పైనే ఆగిపోతుంది కాబట్టి అక్కడ గుచ్చితే ప్రమాదం తక్కువ. ఈనాటికీ ప్రతి మత్తు డాక్టరూ నేర్చుకునే మొదటి గీత ఇదే. చేతి విషయంలో 1911లో కూలెన్‌కాంఫ్ అనే జర్మన్ వైద్యుడు మరో దారి చెప్పాడు. జబ్బకీ మెడకీ మధ్య కాలర్ ఎముక పైన, ధమని కొట్టుకునే చోటు పక్కన, మొదటి పక్కటెముక మీదికి సూది దించాలి. దీన్ని అతను ముందు తన మీదే చేయించుకున్నాడు. సూది ఒక పిసరు పక్కకి పోతే తగిలేది ఊపిరితిత్తి.

1920లో పారిస్ నుంచి అమెరికాలోని మేయో క్లినిక్‌కి వెళ్ళిన గాస్టన్ లబా ఈ గుర్తులన్నిటినీ 1922లో ఒక పుస్తకంగా తెచ్చాడు. ఎముకని వేలితో తడుము, చర్మం మీద గుర్తు పెట్టు, అక్కణ్ణుంచి కొలత వేసుకుని సూది దించు. ఇదీ పద్ధతి. 1943లో స్వీడన్‌లో లిడోకెయిన్ తయారయ్యాక మందు మెరుగైంది. సూదులు మెరుగయ్యాయి. కానీ దారి చూపేది మాత్రం వేలే. హాల్‌స్టెడ్ కోసి చూసిన నరాన్ని, తరవాతి తరాలు చర్మం మీది నుంచి వేళ్ళతో ఊహించడం నేర్చుకున్నాయి.

ఈ విద్య మొత్తం ఎముక వేలికి తగులుతుందన్న నమ్మకం మీద నిలబడింది. చర్మానికీ ఎముకకీ మధ్య అరచేతి మందం కొవ్వు ఉన్నప్పుడు ఏం చెయ్యాలో చెప్పే గీత అందులో లేదు.

గుర్తులు చెరిగిపోయిన వీపు

ఈలోగా సగం మత్తు మీద వేరే వైపు నుంచి పిడుగు పడింది. 1947 అక్టోబర్ 13న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్ ఆస్పత్రిలో ఒకే రోజు స్పైనల్ తీసుకున్న వూలీ, రో అనే ఇద్దరికి కాళ్ళు శాశ్వతంగా చచ్చుబడిపోయాయి. మందు సీసాలకి కంటికి కనిపించని పగుళ్ళుండి, వాటిని నానబెట్టిన ఫీనాల్ లోపలికి దిగిందని కోర్టు నమ్మింది. 1954లో అప్పీలు విన్న డెన్నింగ్, 1947లో ఎవరికీ తెలియని ప్రమాదానికి 1954 తెలివితో తీర్పు చెప్పకూడదని డాక్టరుని తప్పుపట్టలేదు. అయినా బ్రిటన్‌లో స్పైనల్ అంటే భయం ఏళ్ళ తరబడి పోలేదు. అదే 1954లో అమెరికాలో డ్రిప్స్, వాండమ్ అనే ఇద్దరు 10,098 స్పైనల్ మత్తుల్ని వరసగా పరిశీలించి, పెద్ద నరాల నష్టం ఒక్కటీ కనబడలేదని చెప్పారు. నెమ్మదిగా ధైర్యం తిరిగొచ్చింది.

ఆ ధైర్యం తిరిగొచ్చేసరికి ఆపరేషన్ బల్ల మీదికి వచ్చే శరీరాలు మారుతున్నాయి. లావుని కొలిచే సూత్రం నిజానికి పాతది. బెల్జియంకి చెందిన గణితజ్ఞుడు కెత్లె 1830లలోనే, పెద్దవాళ్ళలో బరువు ఎత్తు వర్గంతో పాటు పెరుగుతుందని లెక్క కట్టాడు. అతనికి కావలసింది సగటు మనిషి, లావు మనిషి కాదు. 1972లో ఏన్సెల్ కీస్ ఆ నిష్పత్తికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. అదే ఈనాటి బీఎమ్ఐ. అయితే కొవ్వు ఎంతో ఉజ్జాయింపుగా చెప్పే ఈ అంకె, ఆ కొవ్వు ఎక్కడుందో చెప్పదు. బీఎమ్ఐ నలభై ఉన్నా వెన్నుపూసలు చేతికి తగిలే వీపులుంటాయి, ముప్ఫయ్యే ఉన్నా తగలని వీపులుంటాయి. అందుకే అనుభవం ఉన్న మత్తు డాక్టరు కాగితం మీది అంకె చూసి ఊరుకోడు, వీపు తడిమి చూస్తాడు.

1993లో అమెరికా నుంచి వచ్చిన ఒక పరిశీలన 136 కిలోలు దాటిన 117 మంది గర్భిణుల వివరాలిచ్చింది. నొప్పులు తెలియకుండా వేసిన మొదటి ఎపిడ్యూరల్ వీళ్ళలో 42 శాతం మందికి పని చెయ్యలేదు. తక్కువ బరువున్న స్త్రీలలో అది 6 శాతమే. 2000లో ఇంగ్లండ్‌లో ఇంకో పని చేశారు. అనుభవమున్న మత్తు డాక్టర్లతో వంద మంది వీపుల మీద, ఇది ఫలానా పూసల సందు అని గుర్తు పెట్టించి, ఎమ్మారైలో చూశారు. సరిగ్గా చెప్పింది 29 శాతమే. సగం సార్లు వాళ్ళు అనుకున్నదానికన్నా అసలు చోటు ఒక సందు పైన ఉంది. కొన్నిసార్లు నాలుగు సందులు పైన. మనిషి లావైనకొద్దీ పొరపాటు పెరిగింది. తుఫియే గీత అందరిలోనూ వంకరే, లావు మనుషుల్లో ఆ వంకర బయటపడిందన్నమాట. పైకి పోయినకొద్దీ సూది వెన్నుపాముకి దగ్గరవుతుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

2005లో అమెరికాలో ఒక డే సర్జరీ కేంద్రం 9,038 బ్లాకుల లెక్క ప్రచురించింది. బీఎమ్ఐ 30 దాటినవాళ్ళలో బ్లాకు విఫలమయ్యే అవకాశం మిగతావాళ్ళకన్నా 1.62 రెట్లు. ఇక్కడితో చదవడం ఆపేస్తే, లావుగా ఉన్నవాళ్ళకి సగం మత్తు వద్దు అనిపిస్తుంది. రాసినవాళ్ళు మాత్రం దానికి ఎదురు చెప్పారు. ఎక్కువ మందిలో బ్లాకు బాగానే పనిచేసింది, రోగులు తృప్తిగానే ఉన్నారు, కాబట్టి లావు అన్న కారణంతో వీళ్ళని పక్కన పెట్టకూడదు అన్నారు. ఒకే అంకెని ఒకరు తలుపు మూయడానికీ ఇంకొకరు తెరవడానికీ వాడొచ్చు.

మళ్ళీ వియన్నా

వేళ్ళ తరవాత కరెంటు వచ్చింది. సూది చివర నుంచి సన్నగా కరెంటు పంపితే, నరం దగ్గరయ్యాక దాని కండరం ఎగురుతుంది. 1960లలో చేతిలో పట్టేంత యంత్రాలు వచ్చాయి. చేరాక చేరావని చెబుతుంది గానీ, ఎటు వెళ్ళాలో చెప్పదు ఆ యంత్రం.

1994లో వియన్నాలో కాప్రాల్ బృందం కాలర్ ఎముక పైన అల్ట్రాసౌండ్ పెట్టి, నరాల గుత్తినీ, ధమనినీ, సూది చుట్టూ పరుచుకునే మందునీ తెర మీద చూస్తూ బ్లాకు ఇచ్చింది. కోలర్ చుక్కకి అప్పటికి 110 ఏళ్ళు. మరికొన్నేళ్ళకి హైడల్‌బర్గ్‌లో గ్రౌ బృందం గర్భిణుల వెన్నుని ముందు స్కాన్ చేసి, ఎపిడ్యూరల్ చోటు ఎంత లోతులో ఉందో చూసుకుని సూది వేయడం మొదలుపెట్టింది. హాల్‌స్టెడ్ కోసి చూసినదాన్ని ఇప్పుడు కోయకుండా చూస్తున్నారు.

ఇది లావు మనుషులకి ఎంత పనికొచ్చిందో 2011లో టొరంటో నుంచి వచ్చిన పరీక్ష చెబుతుంది. వేలికి గుర్తులు తగలని 120 మందిని రెండు జట్లు చేశారు. తడిమి గుచ్చినప్పుడు మొదటి ప్రయత్నంలోనే స్పైనల్ పడింది 32 శాతం మందికి. ముందు స్కాన్ చేసి గుర్తు పెట్టుకుని గుచ్చినప్పుడు 65 శాతం మందికి. వీపులు అవే రకం, సూదులు అవే, మారింది చూసే పద్ధతి. అంతవరకూ ‘కష్టమైన రోగి’ ఖాతాలో రాసిన దాంట్లో కొంత అప్పు పద్ధతిదేనని ఈ అంకెలు చెబుతున్నాయి.

అలాగని అల్ట్రాసౌండ్ మంత్రదండం కాదు. కొవ్వు పొరల్లో ధ్వని చెదిరిపోతుంది. లోతుకి వెళ్ళాలంటే ఫ్రీక్వెన్సీ తగ్గించాలి, తగ్గిస్తే బొమ్మ మసకబారుతుంది. ఏటవాలుగా లోతుకి దిగే సూది తెర మీద సరిగ్గా కనిపించదు. పైగా సగం మత్తు ఎప్పుడూ ఊపిరికి మేలే అనుకోవడమూ పొరపాటే. భుజం ఆపరేషన్‌కి మెడ పక్కన వేసే మామూలు బ్లాకు, అటువైపు విభాజకపటలాన్ని కాసేపు పనిచేయనివ్వదు. 1991లో న్యూయార్క్‌లో పరీక్షించి చూస్తే ప్రతి ఒక్కరిలోనూ ఇదే జరిగింది. సన్నటి మనిషికి అది తెలియకుండా గడిచిపోవచ్చు. అసలే ఊపిరి చాలని మనిషికి చాలా తేడా చేస్తుంది. అందుకే ఆ బ్లాకు ఇంకాస్త కిందుగా, తక్కువ మందుతో ఇచ్చే దారులు వెతుకుతున్నారు.

మన లెక్కలు

ఇదంతా మనకెందుకు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్ళు దేశం మొత్తం మీద 24 శాతం, తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. అన్ని సిజేరియన్లూ అవసరమా అన్నది వేరే చర్చ. వాటిలో ఎక్కువ భాగం స్పైనల్‌తోనే జరుగుతాయి. ఆ రెండు వరసల అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే, తెలుగు నేల మీద రోజూ ఎంతమంది లావైన తల్లుల వీపుల మీద ఎవరో ఒకరు గుర్తులు వెతుకుతున్నారో ఊహించుకోవచ్చు.

వాళ్ళకి కావలసినవి చాలావరకు ఖరీదైనవి కావు. మామూలు స్పైనల్ సూది దాదాపు 9 సెంటీమీటర్లు, అది చాలనప్పుడు అందుకోవడానికి పొడుగు సూది పక్కనే ఉండాలి. పడుకోబెట్టకుండా కూర్చోబెడితే కొవ్వు ఒక పక్కకి జారకుండా వెన్ను నడిమి గీత దొరకడం తేలికవుతుంది. అత్యవసరం వచ్చిపడేదాకా ఆగకుండా, నొప్పులు మొదలైనప్పుడే ఎపిడ్యూరల్ వేసి, అది పనిచేస్తోందో లేదో చూసుకుంటే తరవాతి కంగారు తగ్గుతుంది. స్కాన్ మిషను కాన్పుల గదుల దగ్గర ఎలాగూ ఉంటుంది, దాన్ని వీపు మీద పెట్టడం నేర్పాలి.

ఇంకొకటి ఉంది, దానికి ఖర్చే లేదు. వేలికి పూస తగలనప్పుడు, “అమ్మా, సూది నడి మధ్యలో తగులుతోందా, పక్కకి పోతోందా?” అని అడిగే మత్తు డాక్టర్లున్నారు. చర్మం మీద ఎన్ని పొరలున్నా తన వెన్ను ఎక్కడుందో ఆ మనిషికి తెలుస్తుంది. “కుడి పక్కకి పోయిందండీ” అంటుంది, డాక్టరు సూది సర్దుకుంటాడు. ఫుల్ మత్తులో ఉన్న మనిషిని ఈ మాట అడగలేం. ఇక్కడ రోగి మెలకువగా ఉంది, సమాధానం చెప్పగలదు. అడగడం మాత్రం డాక్టరుకి అలవాటు కావాలి.